కరిగిపోయే సరుకు

"కరిగిపోయేదాన్ని పైసలు పెట్టి ఎవడు కొంటడు బిడ్డా?"

మల్లాపూర్ పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ తాళ్లు తీసే సారలమ్మ, తన షెడ్డు గుమ్మంలో నిలబడి ధనశ్రీని అడిగిన మొదటి ప్రశ్న ఇది. కూర్చోమని కూడా అనకముందే అడిగింది. ధనశ్రీ దగ్గర జవాబు లేక కాదు, ఉన్న జవాబు మరీ పొడవు. సారలమ్మకు పొడవైన జవాబులు గిట్టవు. బట్టలారేసుకునే తాడు తీసే మనిషామె. తెగిందా, తెగలేదా? ఆమెకు తెలిసిన పరీక్ష అదొక్కటే.

ధనశ్రీ వీలైనంత పొట్టిగా చెప్పింది. "స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగ్ కొడతారు కదక్కా, గట్టిపడ్డాక పీకేస్తారు. త్రీడీ ప్రింటర్‌లోనూ అంతే. ప్లాస్టిక్ దారాన్ని వేడిచేసి, పొర మీద పొర వేసుకుంటూ వస్తువు కడుతుంది. కింద ఆసరా లేకపోతే గాల్లో పొర నిలబడదు. ఆ ఆసరా వస్తువు కడుపులో ఇరుక్కుందనుకో, చెయ్యి దూరదు, పీకలేం. నీళ్లలో పడేస్తే దానంతట అదే కరిగిపోవాలి. అలా కరిగే దారం చేద్దామని."

"సెంట్రింగ్ కట్టెలు మల్ల ఇంకో ఇంటికి పనికొస్తయి. నీది నీళ్లపాలేనా?"

"నీళ్లపాలే."

"మస్తుగుంది దందా!" అని సారలమ్మ పెద్దగా నవ్వింది. అయినా ఆదివారాలు తన మిషన్ ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆదివారం అదెలాగూ ఖాళీ. "కిరాయి నీది, కరెంటు నీది. లోపట ఏమన్న అంటుకుంటే గోకుడు కూడ నీదే."

ధనశ్రీ పుట్టింది సామర్లకోటలో, పెరిగింది ఉప్పల్‌లో. తండ్రి రైల్వే గుమాస్తా. బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లోనే పోయాడు. తల్లి తారామణి ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక ధనశ్రీ నాచారంలో ఒక మాత్రల కంపెనీలో చేరి పదకొండేళ్లు చేసింది. ఏం పని అని చుట్టాలు అడిగితే "మాత్రలు నీళ్లలో కరుగుతుంటే చూస్తాను" అనేది. దానికి జీతమా అని వాళ్లు నవ్వేవారు. అవును, దానికే జీతం. మాత్ర ఎంతసేపట్లో విడిపోతుందో ఎవరో ఒకరు చూడకపోతే, మింగినది మింగినట్టే బయటికి పోతుంది.

కంపెనీ ఊరవతలికి తరలిపోయింది. రోజూ రానూ పోనూ ప్రయాణం తన వల్ల కాక ఆమె మానేసింది. ఇలాంటి చోట "ఉద్యోగం పోవడమే వరమైంది" అని రాయడం మనవాళ్లకు అలవాటు. వరమూ లేదు, శాపమూ లేదు. భర్త జీతం మీద ఇల్లు నడిచింది. ఆమె ఇంటింటికీ తిరిగి ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది. అలా చెప్పడానికి వెళ్లిన ఇళ్లలో విశ్వనాథం గారిది ఒకటి.

ఆయన ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. నాచారంలో ఓ చిన్న వర్క్‌షాపు పెట్టి, నీళ్ల పంపుల్లో తిరిగే చక్రాల నమూనాలను త్రీడీ ప్రింటర్ మీద తీసి లోహం పోతపోసే ఫౌండ్రీలకు ఇచ్చేవారు. ఆ చక్రం రెండు పళ్లేల మధ్య వంపు తిరిగిన రెక్కలతో ఉంటుంది. ఆ రెక్కల సందుల్లో ఇరుక్కున్న ఆసరాతోనే ఆయన తంటా అంతా. నీళ్లలో కరిగే దారం విదేశం నుంచి వస్తుంది. మనవరాలికి పాఠం జరుగుతుంటే పక్క గదిలోంచి ఆయన గొంతు వినిపించేది. "ఈ దారం చుట్ట ఖరీదు పెడితే ఆ పంపే వస్తుందయ్యా! అదీ వానాకాలం వస్తే తడి పీల్చుకుని చెడుతుంది."

ఒకరోజు ధనశ్రీ పాఠం ఆపి లేచి వెళ్లి, ఆ చుట్టలోంచి మూరెడు దారం అడిగి తెచ్చుకుంది. కరగడమంటే ఆమెకు తెలిసిన పనేగా.

మొదట ఆమె వెళ్లింది సగ్గుబియ్యం దగ్గరికే. ఈ మాట దాచేదేం లేదు. సామర్లకోట చుట్టూ సగ్గుబియ్యం మిల్లులు. ఇంట్లో తల్లి ఏటా ఎండాకాలం మేడ మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతుంది. పిండిపదార్థమే కదా, నీళ్లలో నాని విడిపోతుంది కదా అనుకుంది. గ్లిజరిన్ కలిపి సారలమ్మ మిషన్‌లో పోసింది. షెడ్డంతా మాడిన పాయసం వాసన. దారం గోధుమరంగులో వచ్చి, చుట్టబోతే అప్పడంలా విరిగింది. గ్లిజరిన్ పెంచితే వంగింది గానీ చేతికి బంకలా అంటుకుంది. ఎలాగో ఒక చుట్ట పనికొచ్చేలా తయారైతే షెడ్డులోనే పెట్టి వెళ్లింది. మళ్లీ ఆదివారానికి ఎలుకలు దారమంతా తినేసి, మధ్యనున్న ప్లాస్టిక్ చక్రాన్ని మాత్రం మర్యాదగా వదిలేశాయి.

"సంబురపడు బిడ్డా," అంది సారలమ్మ. "నీ సరుక్కు గిరాకీ దొరికింది."

సగ్గుబియ్యం కథ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఆమె చేసిన దేంట్లోనూ అది చిటికెడైనా లేదు.

పనికొచ్చిన ఆలోచన మాత్రల కంపెనీ నుంచి వచ్చింది. కడుపులోకి వెళ్లిన మాత్ర ఊరికే కరగదు. తడి తగలగానే ఉబ్బి, తనను తాను పగలగొట్టుకునే పొడి ఒకటి అందులో కలుపుతారు. సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పొడి అలాంటిదే. నీళ్లలో కరిగే మామూలు ప్లాస్టిక్ గుళికల్లో ఆ జిగురు పొడి కాస్త కలిపితే, ఆసరా మెల్లగా కరిగేదాకా కూర్చోనక్కర్లేదు, ముక్కలై రాలిపోతుంది. ఆలోచన సులువుగానే తట్టింది. దారం తీయడం దగ్గర మొదలయ్యాయి కష్టాలు. సారలమ్మ మిషన్‌లో తాడు వేడివేడిగా బయటికొచ్చి నీళ్ల తొట్టిలో పడి చల్లారుతుంది. ధనశ్రీ అలవాటు ప్రకారం మొదటి దారాన్ని ఆ తొట్టిలోకే వదిలింది. నీళ్లలో కరగాలని తయారుచేసిన సరుకు నీళ్లలో కరిగింది. తొట్టి అడుగున గంజి మిగిలింది.

"అనుకున్నట్టే చేసినవ్ గద, మల్ల ఏడుపెందుకు?" అంది సారలమ్మ, తొట్టి కడుగుతూ.

తొట్టి తీసేసి, పొడుగాటి అల్యూమినియం కాలువ పెట్టి, రెండు వైపులా టేబుల్ ఫ్యాన్లు వరసగా నిలబెట్టి గాలితో చల్లార్చడం నేర్చుకునేసరికి ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది. దారం మందం ఒక్క తీరుగా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఫ్యాను ఎంత దూరంలో ఉండాలి, చుట్టే చక్రం ఎంత వేగంతో తిరగాలి, గుళికలు ముందు ఎంతసేపు ఎండాలి? ఇవి తేల్చడానికి కావలసింది ఓపిక, ఆదివారాలు. రెండూ అద్దెకు దొరకవు. మిషన్ ఒక్కటే దొరికింది, అదీ అప్పు మీద.

కరిగే పరీక్షలు ఉప్పల్ ఇంటి వంటగదిలో జరిగేవి. స్టీలు గ్లాసుల్లో నీళ్లు, వాటిలో దారం ముక్కలు, పక్కన గోడ గడియారం. గ్లాసులు కడిగి నింపిపెట్టడం తారామణి పని. ఆవిడే అడిగి మరీ తీసుకుంది. ప్రతిసారీ దారం ముక్క ఉబ్బి, పొరలు విప్పుకుని, చూస్తుండగానే మాయమయ్యేది.

సుధీంద్ర వచ్చింది ఈ దశలోనే. కొత్త కంపెనీలకు విత్తనపు పెట్టుబడి ఇప్పించే ఒక సంస్థలో మేనేజరు. మర్యాదస్తుడు, గలగలా మాట్లాడతాడు. చివరి వడపోతలో నెగ్గితే పది లక్షలు. ధనశ్రీ దరఖాస్తు చదివి ఇంటికొచ్చి, తారామణి చేతి కాఫీ తాగుతూ అంతా విన్నాడు. సగ్గుబియ్యం మాట రాగానే కప్పు కింద పెట్టేశాడు.

"మేడమ్, అసలు కథ ఇదీ! అమ్మమ్మల వడియాల నుంచి అంతరిక్ష సాంకేతికత దాకా!"

"అది పని చెయ్యలేదండీ. ఎలుకలు తినేశాయి."

"మొదలు అక్కడే కదా మేడమ్. అందులో అబద్ధమేముంది?"

"అంతరిక్షం ఎక్కడి నుంచి వచ్చింది?"

"అది భవిష్యత్తు," అన్నాడు సుధీంద్ర నమ్మకంగా.

ఆమె ఇంకా వాదించకపోవడానికి కారణముంది. చర్లపల్లి నుంచి ఒకాయన వచ్చి సారలమ్మ పాత మిషన్‌కు బేరం పెట్టి వెళ్లాడు. తాళ్ల వ్యాపారం ఎలాగూ డల్లుగా ఉంది. "దసరా దాక సూస్త," అని సారలమ్మ చెప్పేసింది. "గప్పటికి నీకు ఆర్డరన్న రావాలె, పైసలన్న రావాలె. లేకుంటే అమ్ముడే." కొత్త మిషన్ కొనే తాహతు ధనశ్రీకి లేదు. పెద్ద ఫ్యాక్టరీలు ఆదివారం పూట కిలోల లెక్కన ఎవరికీ పని చేసి పెట్టవు. ఆ మిషన్ పోతే దారం పోయినట్టే. ఆమె మళ్లీ ఇంటర్ పిల్లల దగ్గరికి.

విశ్వనాథం గారి వర్క్‌షాపులో పరీక్ష పెట్టుకున్నారు. చూపించుకోవడానికి పనికొస్తుందని సుధీంద్ర ఒక కెమెరామన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ప్రింటర్ మీద చక్రం చక్కగా వచ్చింది. సందుల నిండా ధనశ్రీ దారంతో వేసిన ఆసరా. దాన్ని తొట్టిలో వేశారు. అందరూ తొంగి చూస్తున్నారు. ఆసరా ఉబ్బింది. అంతే, ఆగిపోయింది. పైన తెల్లటి పొర కట్టింది. పావుగంట, అరగంట. విశ్వనాథం గారు వేలు పెట్టి నొక్కి చూశారు.

"ఏవమ్మా, ఇది కరగలేదు. జున్నయింది."

కెమెరామన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. సుధీంద్ర అతన్ని బయటికి పంపేశాడు. విశ్వనాథం గారు అలమారలోంచి విదేశీ చుట్ట తీసి ప్రింటర్‌కు తగిలించారు. ధనశ్రీ ఆ చక్రాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి అదే చుట్టలోంచి దారం ముక్క కోసి గ్లాసులో వేస్తే కరిగింది. మళ్లీ వేస్తే మళ్లీ కరిగింది. ప్రింటర్ వేడి ఎక్కువైందా? సందులు మరీ ఇరుకా? వారం పాటు తప్పుడు చోటల్లా వెతికింది.

ఉప్పల్‌లో ప్రతి ఇంటికీ రెండు నీళ్లుంటాయి. రోజు విడిచి రోజు కుళాయికి వచ్చే మంచినీళ్లు ఒకటి. వాటిని డ్రమ్ముల్లో పట్టి, మూత పెట్టి, తాగడానికి, వంటకు పొదుపుగా వాడతారు. అంట్లకు, బట్టలకు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. చెయ్యి దానంతటదే ఏ పనికి ఏ నీళ్లో చూసుకుంటుంది. నీళ్లొచ్చిన ఒక పొద్దున తారామణి డ్రమ్ము నింపుతోంది. అడ్డం ఎందుకని ధనశ్రీ గ్లాసు పట్టుకుని పెరటి బోరు కుళాయి దగ్గరికి వెళ్లింది.

"ఆ నీళ్లెందుకే? ఉండు, ఇటివ్వు," అని తల్లి ఆపింది. "నీ పనికి నేనెప్పుడూ మంచినీళ్లే కదా పోస్తాను."

ధనశ్రీ వెనక్కి తిరిగింది. "ఎప్పుడూనా?"

"ఎప్పుడూనూ. కుళాయి రాని రోజుల్లో కూడా. నేను రెండో కాఫీ మానేసి నీకు పోశాను."

డ్రమ్ము నిండి పొర్లుతోంది.

ధనశ్రీ గ్లాసులో బోరు నీళ్లు పట్టి దారం ముక్క వేసింది. ఉబ్బింది. తెల్లటి పొర కట్టింది. ఆగిపోయింది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నాచు జిగురుకు సున్నం తగిలితే బిగుసుకుని తోలు కడుతుంది. డిగ్రీ చదివిన ఎవరికైనా తెలిసిన రసాయనమే ఇది. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదన్నది ఈ కాలనీలో పసిపిల్లలకూ తెలుసు. తెలియకపోవడం వల్ల జరిగిన తప్పు కాదిది. పప్పు గురించి తెలిసిన మాట దారం దగ్గర గుర్తుకు రాలేదు, అంతే. మాత్రల కంపెనీలో పదకొండేళ్లూ శుద్ధి చేసిన నీళ్లు. ఇంట్లో అమ్మ పోసిన మంచినీళ్లు. వర్క్‌షాపులో ఒక వస్తువు నానబెట్టడానికి మంచినీళ్లు పోసేవాడెవడు?

"నా వల్లేనంటావా?" అంది తారామణి మెల్లగా.

"మనిద్దరి వల్లే. నువ్వు ఏ నీళ్లు పోస్తున్నావో నేను ఒక్కసారైనా అడిగానా?"

తారామణి కుళాయి కట్టేసింది. "అయితే రెండో కాఫీ మళ్లీ మొదలెడతాను," అంది.

సరిదిద్దడానికి నెలన్నర పట్టింది. నాచు జిగురు తగ్గించి, సున్నాన్ని ముందే పట్టేసుకునే లవణం ఒకటి కలిపితే దారంలో బుడగలొచ్చాయి. చివరికి ఆ లవణాన్ని దారంలో కాక చిన్న పొట్లంలో కట్టింది. తొట్టిలో ముందు పొట్లం వేసి కలపాలి, తర్వాత వస్తువు వేయాలి. దారంతో పాటు ఒక పద్ధతి కూడా అమ్మాలన్నమాట. ఈసారి మంచినీళ్ల గ్లాసులు లోపల పెట్టేసి, ఊళ్లో ఉన్న చెడ్డ నీళ్లన్నీ పోగేసింది. నాగోల్ అపార్ట్‌మెంట్ బోరు, మల్లాపూర్ షెడ్డు బోరు, విశ్వనాథం గారి తొట్టి. సారలమ్మ జవహర్‌నగర్‌లో తన ఇంటి దగ్గర్నుంచి సీసాలో పసుపుపచ్చ నీళ్లు పట్టుకొచ్చింది.

"గీ నీళ్లల్ల కరిగితే ఇంక యాడన్న కరుగుతది, ఫికర్ జెయ్యకు."

ఆ నీళ్లలోనూ కరిగింది. కాస్త బద్ధకంగా.

రెండోసారి వర్క్‌షాపులో కెమెరా లేదు. విశ్వనాథం గారు చక్రాన్ని తొట్టిలోంచి తీసి, ట్యూబులైటు వైపు ఎత్తి, రెక్కల సందుల్లోంచి ఒక కన్నుతో చూశారు. తర్వాత నోటితో ఊదారు. అవతల గాలి తగిలింది. "పది చుట్టలు పంపమ్మా," అన్నారు. "డబ్బు మాత్రం ఫౌండ్రీ వాళ్లు నాకిచ్చాక." ఆ ఫౌండ్రీ వాళ్లు ఎప్పుడిస్తారో ఆయనకూ తెలియదు. చేతికి డబ్బు రాని పది చుట్టల్ని సారలమ్మ ఆర్డరు కింద లెక్కపెట్టదు.

పది లక్షల వడపోత దసరాకు ముందు వారం వచ్చింది. నీళ్ల సంగతి విన్న సుధీంద్ర తెరమీద చూపే బొమ్మల్ని తిరగరాసి తెచ్చాడు. వడియాలు పోయాయి. వాటి చోట బిందె పట్టుకున్న తారామణి ఫొటో. కింద: 'శాస్త్రం ఓడిన చోట అమ్మ అనుభవం గెలిచింది.'

"మా అమ్మ పోసిన నీళ్లే తప్పును దాచాయండీ," అంది ధనశ్రీ.

"తిప్పి చూడండి మేడమ్. చివరికి తప్పు బయటపడింది కూడా ఆవిడ వల్లే కదా. ఒక్క వాక్యం. పది లక్షలు."

అతను చెడ్డవాడేం కాదు. డబ్బిచ్చే పెద్దమనుషులకు ఏం నచ్చుతుందో అతనికి బాగా తెలుసు. అది కనిపెట్టి అందించడానికే అతనికి జీతం. ఆమెకు కూడా ఆ వాక్యం నోటి చివరిదాకా వచ్చింది. దసరా తర్వాత మిషన్ ఉండదన్నది ఆమె మరిచిపోలేదు. కానీ కరిగిందా లేదా అన్నది ఉన్నదున్నట్టు రాసినందుకే పదకొండేళ్లు జీతం తీసుకున్న మనిషి. కొన్ని పనులు ఒంట్లో దిగిపోతాయి. దాన్ని నిజాయితీ అని పిలిచి దండలు వేయనక్కర్లేదు, అలవాటు అంటే చాలు.

వేదిక మీద ఉన్నది చెప్పింది. సగ్గుబియ్యం పనికిరాలేదు. మొదటి పరీక్ష తప్పింది. తప్పు నీళ్లది కాదు, నాది. ఇప్పుడు ఈ ఊరి ఏ బోరు నీళ్లలోనైనా కరుగుతుంది. ధర విదేశీ చుట్టలో మూడో వంతు.

"బాగుందమ్మా," అన్నాడు న్యాయనిర్ణేతల్లో ఒకాయన. "మరి ఇందులో మీ కథేమిటి?"

"దారమండీ," అంది.

డబ్బు, ఆవు పేడతో ప్రమిదలు ముద్రిస్తామన్న జట్టుకు వెళ్లింది.

మర్నాడు ఆమె షెడ్డు తాళంచెవి తిరిగి ఇవ్వడానికి మల్లాపూర్ వెళ్లింది. సారలమ్మ తాళ్ల కట్టలు లెక్కబెడుతోంది. తాళంచెవి వైపు చూడనైనా లేదు.

"విశ్వనాథం సారు పది తీసుకున్నడంటివి. మల్ల ఏమన్నడు?"

"పొద్దున ఫోన్ చేశారక్కా. అయిపోవచ్చాయట. ఇంకో ఇరవై కావాలట. డబ్బు మాత్రం ఇంకా..."

"పైసల సంగతి అడుగలే. అప్పుడే ఒడిసినయా అని అడుగుతున్న."

"వాడినదంతా నీళ్లలో పోతుంది కదా."

సారలమ్మ కట్టలు పక్కన పెట్టింది. "నా తాడు ఒకపారి కొన్నోడు ఐదేండ్లు మల్ల నా మొకం సూడడు. గట్టి సరుకు జేసి నేను దివాలా తీస్తున్న. నీది నీళ్లపాలైనప్పుడల్ల వాడు మల్ల నీ దగ్గరికే రావాలె." తనలో తాను అనుకున్నట్టుగా, "గీ ముక్క నువ్వు మొదాలే చెప్పుంటే అయిపోవు గద," అంది.

"నాకూ తట్టలేదక్కా."

"ఎమ్మెస్సీ జదివినవ్!" అని నవ్వి, తాళంచెవిని ఆమె చేతిలోనే మడిచిపెట్టింది. "చర్లపల్లాయనకు వద్దని చెప్త. ఆదివారం తోటి బుధవారం కూడ తీస్కో. కానీ కిరాయి కిరాయే, సమజైందా? మాఫీ గీఫీ ఏం లేదు."

దసరా పోయి దీపావళి వచ్చింది. ఫౌండ్రీ వాళ్లు విశ్వనాథం గారికి ఇంకా ఇవ్వలేదు, ఆయన ధనశ్రీకి ఇవ్వలేదు. కిరాయి, కరెంటు కలిపి సారలమ్మకు ధనశ్రీ ఇవ్వాల్సింది డెబ్బైనాలుగు వేలు.